లోపల ఎన్ని టికెట్లున్నాయి?



మాది సీతాఫల్‌మండి. రాత్రి పడుకుంటే ఎమ్ఎమ్‌టీఎస్ రైలు చప్పుడు వినిపించేంత దగ్గర్లో మా ఇల్లు. అక్కడి నుంచి నడుచుకుంటూ పోతే తార్నాక వస్తుంది. ఇంకోవైపు ఉస్మానియా యూనివర్సిటీ. నేను చదువుకున్నదీ అక్కడే, ఇప్పుడు పొద్దున్నే నడకకు పోయేదీ అక్కడికే.

తార్నాకలో మెట్రో ఎక్కారనుకోండి. నాగోలు వైపు బండి. హబ్సిగూడ వస్తుంది, తర్వాత ఎన్‌జీఆర్ఐ, ఆ తర్వాతి స్టేషన్ పేరే స్టేడియం. మూడో స్టేషన్. దిగితే ఉప్పల్ క్రికెట్ మైదానం. ఇప్పుడు అదే తార్నాకలో ఎదురు ప్లాట్‌ఫామ్ మీద ఎక్కండి. మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్. ఇదీ మూడో స్టేషనే. దిగి కాస్త నడిస్తే జింఖానా మైదానం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2022 సెప్టెంబరులో మ్యాచ్ అటు మూడు స్టేషన్ల దూరంలో ఉంది. దాని టికెట్ ఇటు మూడు స్టేషన్ల దూరంలో ఉంది. మా బస్తీ పిల్లలు, యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలు సరిగ్గా నడిమధ్యన ఉన్నారు. మ్యాచ్ దాకా పోవాలంటే ముందు టికెట్ దాకా పోవాలి కదా. ఆ టికెట్ దాకా పోయినవాళ్లకు ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుర్తు లేనివాళ్ల కోసం చెప్తాను.

అది ఆస్ట్రేలియాతో టీ ట్వంటీ మ్యాచ్. సెప్టెంబరు 25, ఆదివారం. అంతకుముందు మన జట్టు ఉప్పల్‌లో ఆడింది 2019 డిసెంబరులో, వెస్టిండీస్ మీద. ఆ రాత్రి కోహ్లీ 94 పరుగులు కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ తర్వాత కరోనా వచ్చింది. మైదానాలు మూతపడ్డాయి. దాదాపు మూడేళ్లు హైదరాబాద్ తన జట్టును కళ్లారా చూడలేదు. మూడేళ్లంటే కాలేజీలో చేరిన పిల్లవాడు డిగ్రీ పూర్తి చేసుకుని బయటికొచ్చేంత కాలం. అంత ఆకలి మీద ఉంది ఊరు.

ఆన్‌లైన్‌లో పెట్టిన టికెట్లు చూస్తుండగానే అయిపోయాయి. మిగిలినవి సెప్టెంబరు 22న, గురువారం నాడు, జింఖానాలో కౌంటర్లు పెట్టి అమ్ముతారని కబురు పాకింది.

తెల్లవారకముందే జనం చేరారు. పొద్దెక్కేసరికి వేల మంది. గేటు దగ్గర తోపులాట మొదలైంది. పోలీసులు లాఠీలు ఎత్తారు. కింద పడ్డవాళ్లు లేవలేకపోయారు. ఆడవాళ్లు స్పృహ తప్పారు. గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయారు, వాళ్లలో పోలీసులూ ఉన్నారు. హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద కేసు పెట్టారు. అప్పటి క్రీడల మంత్రి సంఘం పెద్దలను పిలిపించి మాట్లాడారు. ప్రాణాలు పోలేదు. అంతవరకు మన అదృష్టం.

మూడు రోజుల తర్వాత మ్యాచ్ జరిగింది. సూర్యకుమార్ 69, కోహ్లీ 63. మనం గెలిచాం, సిరీస్ కూడా గెలిచాం. ఆ రాత్రి తార్నాక మెట్రోలో నీలం జెర్సీల మధ్య నిలబడడానికి చోటు లేదు. గురువారం సంగతి ఆదివారం రాత్రికి ఎవరూ మాట్లాడుకోలేదు.

నేను ఆ గురువారం గురించే మాట్లాడాలనుకుంటున్నాను.

ఆ వేల మంది లైన్‌లో నిలబడ్డారు కదా. వాళ్లలో ఒక్కరిని ఆపి అడగండి. బాబూ, లోపల ఎన్ని టికెట్లున్నాయి? తెలియదు. అమ్మా, నీ ముందు ఎంతమంది ఉన్నారు? తెలియదు. మనిషికి ఎన్ని ఇస్తారు? రెండంటున్నారు, ఒకటంటున్నారు. ఎన్ని గంటలకు కౌంటర్ తెరుస్తారు? తీస్తరు సార్, తీస్తరు.

ఇదీ అసలు జబ్బు. టికెట్లు తక్కువ ఉండడం జబ్బు కాదు. మైదానం ఒకటి, ఊరు కోటి మంది. అందరికీ ఎక్కడ సరిపోతాయి? చిన్న పిల్లవాడికి కూడా తెలుసు ఆ సంగతి. దొరకకపోతే బాధపడతాం, ఇంటికొచ్చి టీవీ పెట్టుకుంటాం. కానీ లోపల ఎన్ని ఉన్నాయో చెప్పకుండా మనిషిని ఎండలో నిలబెడితే, వాడు ఎందుకు తోయడు? తన ముందున్న పది మంది తర్వాత అయిపోతాయేమోనని భయం. ఆ భయమే ముందుకు నెడుతుంది. ఎంత ఉందో తెలియని చోట మర్యాదగా ఉన్నవాడు మోసపోతానేమో అనుకుంటాడు.

నాకు ఈ భయం కొత్త కాదు.

1999 నవంబరు. న్యూజిలాండ్ మన మీద వన్డే ఆడడానికి హైదరాబాద్ వచ్చింది. అప్పటికి ఉప్పల్ మైదానం లేదు. మ్యాచ్‌లన్నీ ఫతే మైదాన్‌లోనే, అంటే మన లాల్ బహదూర్ స్టేడియంలోనే. నేనప్పుడు క్యాంపస్‌లో ఎంఏ చదువుతున్నాను. టికెట్లు ఒక బ్యాంకులో అమ్ముతున్నారని తెలిసి, పొద్దున నాలుగున్నరకు సైకిలేసుకుని వెళ్లాను. నా ముందు అప్పటికే గోడ పొడుగునా మనుషులు. కొందరు దుప్పటి కప్పుకుని నేల మీదే పడుకున్నారు. ఒకాయన ఇంట్లోంచి స్టీలు టిఫిన్ బాక్స్ తెచ్చుకుని, మూత మీద ఉప్మా పెట్టుకుని తింటూ, నాకూ రెండు ముద్దలు పెట్టాడు. ఆయన పేరు నేను అడగలేదు. లైన్‌లో మాత్రం ఆయన వెనక నేను. ఆయనకు దొరికితే నాకూ దొరుకుతుందని ఎందుకో ధైర్యం.

పది గంటలకు షట్టర్ లేచింది. పదకొండున్నరకు దిగింది. ఒక గుమస్తా బయటికొచ్చి చెయ్యి అడ్డంగా ఊపాడు. అయిపోయినయ్. అంతే. ఎన్ని వచ్చాయి, ఎన్ని అమ్మారు, ఎవరికి అమ్మారు, ఏమీ లేదు. ఉప్మా పెట్టినాయన టిఫిన్ బాక్స్ మూత మళ్లీ మళ్లీ బిగిస్తూ నిలబడ్డాడు. అది అప్పటికే బిగిసి ఉంది. నాకు ఆ చేతులు ఇప్పటికీ కనిపిస్తాయి.

నవంబరు 8న ఆ మ్యాచ్ జరిగింది. సచిన్ 186 నాటౌట్. ద్రవిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం. అప్పటికి వన్డేల్లో ప్రపంచంలోనే అంత పెద్ద భాగస్వామ్యం లేదు. అది మా ఊళ్లో జరిగింది. నేను దాన్ని హాస్టల్ గదిలో, ఒక్క రేడియో చుట్టూ ఎనిమిది మందిమి కూర్చుని విన్నాను. రేడియో నాకు ఆ రోజు చాలా ఇచ్చింది, కాదనను. ఆ రుణం ఉంది కాబట్టే ఈ మాటలు ఈ మైకు ముందు చెప్పాలనిపించింది.

ఇప్పుడు బ్యాంకు షట్టర్ లేదు. అంతా ఫోన్‌లోనే. మరి బాధ తగ్గిందా?

మా క్యాంపస్ దగ్గర ఒక జిరాక్స్ షాపు ఉంది. అక్కడ పనిచేసే పిల్లవాడు క్రికెట్ అంటే పడి చస్తాడు. కిందటేడాది ఒక మ్యాచ్ టికెట్లు మధ్యాహ్నం పన్నెండింటికి విడుదలవుతాయన్నారు. నేను ఏవో కాగితాలు తీయించుకోవడానికి వెళ్లాను. కౌంటర్ మీద నాలుగు ఫోన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి వాడిది, ఒకటి వాళ్లక్కది, మిగతా రెండు హాస్టల్ దోస్తులవి. పన్నెండు కొట్టింది. నాలుగింట్లోనూ ఒకటే బొమ్మ. ఒక నీలం గీత, దాని మీద నడుస్తున్న చిన్న మనిషి. మీరు లైన్‌లో ఉన్నారు, పేజీ మూసేయకండి అని కింద రాసి ఉంది.

జిరాక్స్ మిషన్ ఆపేశాడు. కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్లం కూడా ఆ గీతనే చూస్తున్నాం. పావుగంట. ఇరవై నిమిషాలు. మూడో ఫోన్‌లో గీత చివరికి చేరింది. స్టాండ్ ఎంచుకున్నాడు. పైసలు కట్టాడు. ఓటీపీ రాలేదు. మళ్లీ కొట్టాడు. ఓటీపీ వచ్చింది. అది కొట్టేలోపు టైము అయిపోయిందన్నది ఆ యాప్. బ్యాంకు మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చింది. వాడు నా వైపు తిరిగి, "అంకుల్, పైసలు కట్ అయినయ్, టికెట్ రాలే" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. దానికన్నా కష్టంగా ఉంది వినడానికి.

పైసలు వారం తర్వాత వెనక్కి వచ్చాయి. ఆ వారమంతా వాడి జీతంలో అంత భాగం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

చూశారా, షట్టర్ పోయి గీత వచ్చింది. లోపల ఎన్ని ఉన్నాయో మాత్రం అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు. ఒక విధంగా ఇప్పుడు ఇంకా కష్టం. బ్యాంకు ముందు లైన్‌లో నా ముందున్న మనిషి వీపు కనిపించేది. ఎవడైనా మధ్యలో దూరితే నలుగురం కలిసి అరిచేవాళ్లం. ఫోన్‌లో మీ ముందు ఎవరు దూరారో మీకెలా తెలుస్తుంది? సాయంత్రానికి అవే టికెట్లు మూడింతల ధరకు బ్లాక్‌లో తిరుగుతుంటే, అవి ఏ దారిన బయటికి పోయాయో ఎవరిని అడుగుతాం?

మాది రైల్వే వాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం. సీతాఫల్‌మండి, చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడ, ఏ వీధికి పోయినా ఒక గార్డో, ఒక లోకో పైలటో, ఒక రిటైరైన బుకింగ్ క్లర్కో కనిపిస్తారు. అలాంటి ఒక పెద్దాయనతో ఈ సంగతి అంటే ఆయనొక మాట అన్నారు. "సంక్రాంతికి బెర్తులు అందరికీ ఇయ్యలేం సార్. కానీ వెయిటింగ్ లిస్ట్ నలభై మూడు అని చెప్తం గదా."

నాకు ఆ మాట చాలా నచ్చింది. ఆలోచించండి. రైలు టికెట్‌కు మనం తిట్టుకోని రోజు లేదు. తత్కాల్ పొద్దున ఎంత గోలో అందరికీ తెలుసు. అయినా రైల్వే ఒక పని చేస్తుంది. ఇన్ని బెర్తులు ఖాళీ అని చెప్తుంది. అయిపోతే ఆర్ఏసీ ఎంతో చెప్తుంది. అదీ అయిపోతే మీ వెయిటింగ్ లిస్ట్ నంబరు ఇంత అని చెప్తుంది. నలభై మూడు చూసి మీరు ఆశ పెట్టుకుంటారో, బస్సు చూసుకుంటారో, ఆ నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. లోపల ఎంత ఉందో తెలుసు కాబట్టి స్టేషన్ గేటు విరగ్గొట్టాలని ఎవరికీ అనిపించదు. కొన్ని కోట్ల మందికి రైల్వే చెప్పగలిగిన సంగతి, ఒక్క మైదానానికి టికెట్లు అమ్మేవాళ్లు చెప్పలేరా?

చెప్పగలరు. ఒకసారి చెప్పారు కూడా. ఇది శ్రద్ధగా వినండి.

జింఖానా తొక్కిసలాట జరిగిన నాలుగు నెలలకు, 2023 జనవరి 18న, న్యూజిలాండ్ మళ్లీ వచ్చింది, ఉప్పల్‌కు. శుభ్‌మన్ గిల్ డబుల్ సెంచరీ కొట్టాడే, 208, ఆ మ్యాచ్. దానికి ముందు హైదరాబాద్ క్రికెట్ సంఘం విలేకరులను పిలిచి లెక్క చెప్పింది. మైదానంలో సీట్లు 39 వేల పైచిలుకు. అమ్మకానికి పెడుతున్నవి 29 వేల పైచిలుకు. మిగిలినవి కాంప్లిమెంటరీ. టికెట్లన్నీ ఆన్‌లైన్‌లోనే.

మళ్లీ చెప్తాను. సీట్లు 39 వేలు. అమ్మేవి 29 వేలు. అంటే దాదాపు ప్రతి నాలుగు సీట్లలో ఒకటి అమ్మకానికి రాదు. క్లబ్బులకు, పాత ఆటగాళ్లకు, స్పాన్సర్లకు, సర్కారు శాఖలకు పోతుంది. నాలుగింటిలో ఒకటి! ఈ లెక్క విన్న రోజు నేను పేపరు పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అన్నేళ్లు మేం లైన్లలో నిలబడ్డది మొత్తం మైదానం కోసం అనుకున్నాం.

పాత ఆటగాడికి పాస్ ఇవ్వొద్దని నేననను. ఈ ఊరికి రంజీ ఆడి చెమటోడ్చిన మనిషి ముందు వరసలో కూర్చోవాలి. ఎండలో బందోబస్తు చేసే శాఖల వాళ్లకు కొన్ని ఇవ్వడమూ న్యాయమే. కానీ పాస్ ఉన్న చోట ఇంకో పాస్ కోసం చేతులు చాస్తారు. 2025 ఐపీఎల్ సమయంలో ఏమైంది? ఉచిత పాసులు ఇంకా ఇవ్వాలని తమను ఒత్తిడి చేస్తున్నారని సన్‌రైజర్స్ హైదరాబాద్ యాజమాన్యం హైదరాబాద్ క్రికెట్ సంఘానికి లేఖ రాసింది. ఇలాగైతే మ్యాచ్‌లు వేరే ఊరికి తీసుకుపోతామంది. ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. ఊరికి ఆట దూరమయ్యే పరిస్థితి తెచ్చినవి డబ్బు పెట్టి కొన్న టికెట్లు కావు, ఊరికే ఇచ్చే పాసులు.

అదే ఏడాది జూన్ 4న బెంగళూరులో, చిన్నస్వామి స్టేడియం ముందు, 11 మంది చనిపోయారు. బెంగళూరు జట్టు మొదటిసారి ఐపీఎల్ గెలిచిన సంబరం అది. పాస్ ఉంటేనే లోపలికా, అందరికీ ప్రవేశమా, పాసులు ఎన్ని, ఏ గేటు తెరుస్తారు, ఎవరికీ సరిగ్గా తెలియదు. మైదానంలో పట్టేవాళ్ల కంటే ఎన్నో రెట్ల మంది గేట్ల దగ్గర చేరారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు. జింఖానా దగ్గర మనకు తప్పింది అక్కడ తప్పలేదు.

తోపులాట లేకుండా లైన్ నడిపే చోట్లూ ఉన్నాయి. ఇంగ్లండులో వింబుల్డన్ టెన్నిస్ జరుగుతుంది కదా. అక్కడా లైన్ ఉంటుంది. జనం ముందురోజు రాత్రే వచ్చి పార్కులో గుడారాలు వేసుకుంటారు. కానీ లైన్‌లో చేరగానే చేతికొక కార్డు ఇస్తారు. దాని మీద ఆ రోజు తేదీ, మీ నంబరు. చివరి నాలుగు రోజులు తప్పిస్తే, పెద్ద కోర్టుకు లైన్‌లో వచ్చినవాళ్ల కోసమే రోజుకు దాదాపు 500 టికెట్లు విడిగా ఉంచుతారు. మీ కార్డు మీద 480 ఉంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు. 900 ఉంటే పెద్ద కోర్టు ఆశ వదులుకుని వేరే కోర్టు చూసుకోవచ్చు. ఎవరినీ తోయాల్సిన పని లేదు. కార్డుకు అయ్యే ఖర్చు ఎంత? ఒక అట్టముక్క, ఒక ముద్ర.

మన దగ్గర అలాంటిది కుదరదనేవాళ్లు ఉంటారు. మన జనం అంతే, లైన్‌లో నిలబడరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. రేషన్ షాపు ముందు నిలబడ్డది ఈ జనమే. తిరుమల కొండ మీద కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి, చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని, గోవింద నామం చెప్పుకుంటూ కూర్చునేది ఈ జనమే. 1999లో నాకు ఉప్మా పెట్టినాయన ఈ జనంలోని మనిషే. నిలబడ్డవాడికి ఎంత దూరంలో ఉన్నాడో చెప్తే నిలబడతాడు.

అందుకే టికెట్లు అమ్మేవాళ్లను నేను అడిగేది ఎక్కువేమీ కాదు. ధర తగ్గించమని కాదు, అదనంగా సీట్లు కట్టమని కాదు. అమ్మకం మొదలయ్యే ముందురోజు ఒక లెక్క చెప్పండి. మొత్తం సీట్లు ఎన్ని, పాసులు ఎన్ని, అమ్మకానికి ఎన్ని. అందులో ఆన్‌లైన్‌లో ఎన్ని, కౌంటర్లో ఎన్ని. ఒక్కసారి, 2023 జనవరిలో, మీరే చెప్పారు. అది ప్రతి మ్యాచ్‌కూ చెప్పండి. అమ్ముతుంటే ఇంకా ఎన్ని మిగిలాయో ఆ నీలం గీత పక్కన చూపించండి. అయిపోతే అయిపోయాయని వెంటనే చెప్పండి. మన సినిమా హాళ్ల ముందు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేవాళ్లు, అది చూసి ఎవరూ హాలును తిట్టలేదు, సాయంత్రం ఆటకు వద్దాం అనుకుని పోయారు.

ఇక మీకొక మాట. ఉప్పల్‌లో మళ్లీ మ్యాచ్ వస్తుంది. మీ అబ్బాయో, మీ అమ్మాయో, హాస్టల్లో ఉన్న మీ తమ్ముడో టికెట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, లేదంటే చీకటితో లేచి బయల్దేరుతారు. వాళ్లను ఆపకండి. వాళ్ల ఇష్టాన్ని చిన్నచూపు చూడకండి. సొంత జట్టును మైదానంలో చూడాలన్న కోరిక మంచి కోరిక. కానీ పోయే ముందు ఒక్కటి అడగమనండి. కౌంటర్లో మనిషిని అడగమనండి, యాప్ వాళ్లకు రాయమనండి, విలేకరులు కనిపిస్తే వాళ్లతో అడిగించమనండి.

లోపల ఎన్ని టికెట్లున్నాయి?

వందమంది అడిగితే పట్టించుకోకపోవచ్చు. లైన్‌లో ఉన్న ప్రతివాళ్లూ అడిగితే చెప్పక తప్పదు. మీరు కూడా అడగండి.